దీర్ఘం

తొమ్మిదేళ్లప్పుడు వాళ్లమ్మ తీసుకొచ్చింది నా కొట్టుకి.
పావిలోస్తలో కుట్టుమిషనున్న కొట్టు నాదొక్కటే.
ఆవిడ ఒంటినిండా పొగబెట్టిన చేపల వాసన,
వాడి ఒంటినిండా పొడుగు.
"ఆర్నెల్లైనా రావాలి ఈ పాంటు" అంది.
అంచులో నాలుగు వేళ్ల మడత దాచి కుట్టాను.
మూడు నెలలకే విప్పాను.

అప్పట్నుంచీ నా నోటుబుక్కులో వాడికో పేజీ:
యుర్గిస్ కాప.
కాలు డెబ్భై ఒకటి. కాలు డెబ్భై ఎనిమిది.
పక్కన పెన్సిలుతో వాళ్లమ్మ బాకీ.
పేజీ నిండింది, వాడు ఆగలేదు.

పద్నాలుగో ఏట లియెపాయలో ఆటల బడి.
రోజూ బస్సులో యాభై కిలోమీటర్లు,
సీటు సందులో మోకాళ్లు పట్టక
దారంతా నిలబడే వెళ్లేవాడట.
కోచ్ ఎగోన్స్ అరిస్తే హాలు అద్దాలు అదిరేవట.
"తెడ్లలాంటి ఆ చేతులు చూసి తీసుకున్నా,
కాళ్ల సంగతి తర్వాత" అన్నాడట.

కాళ్ల సంగతి తర్వాతే వచ్చింది.

పద్దెనిమిదికి ఒప్పందం. స్పెయిన్‌లో రెండో అంచె జట్టు,
వాన తగ్గని ఊరు,
మరో ఇద్దరితో పంచుకునే వంటగది.
సంతకం రోజుకి సూటు కుట్టాను.
నా చేత్తో కుట్టిన అతి పెద్ద సూటు అదే,
ఇస్త్రీబల్ల చాలక
రెండు కుర్చీలు కలిపి పరిచాను.

వాళ్లమ్మ చేపల షెడ్డు వెనక
రబ్బరు తొడుగు విప్పి, ఫోన్లో ఆట చూపించింది.
పదకొండు నిమిషాలు ఆడాడు.
ఆరు రీబౌండ్లు, నాలుగు ఫౌళ్లు అంది ఆవిడ.
నేనవేవీ చూళ్లేదు. వాడి వీపు చూశాను.
పేరు మీద గీత లేదు.

మా రాతలో దీర్ఘమంటే
అక్షరం నెత్తిన ఓ అడ్డగీత, అంతే.
అది ఉంటే కాప: ఇసుక దిబ్బ.
సముద్రానికీ మా ఊరికీ నడుమ
అడ్డంగా పడుకున్న బూడిదరంగు దిబ్బ.
తీసేస్తే కప.
సమాధిది, అని అర్థం.

వాళ్ల తప్పేం లేదు,
వాళ్ల అక్షరాల పెట్టెలో ఆ గీత ఉండదు.
రెండు సీజన్లు అలాగే ఆడాడు
దిబ్బ పక్కన పుట్టినవాడు
సమాధి పేరు తొడుక్కుని.
నాకు మూఢనమ్మకాలు లేవు.
ఐనా మార్చిలో ఎడమ మోకాలు పోయిందన్న రోజు
మిషను ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

జూన్‌లో వచ్చాడు, ఊతకర్రలతో.
ఊరంతా పండక్కి ఓకు ఆకుల దండలు అల్లుకుంటోంది,
నేను కొట్టు కట్టేస్తున్నాను.
జెర్సీ బల్ల మీద పడేసి
"గీత పెట్టు" అన్నాడు.
ఒప్పందం అయిపోయిందిగా, ఇప్పుడెందుకన్నాను.
"అమ్మ గోడకి తగిలిస్తానంటోంది.
ఈ పేరుతో తగిలించనివ్వను."

తెల్ల ఫెల్టు ముక్క, నాలుగు సెంటీమీటర్లు.
మొదటిసారి వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టాను.
ఈలోగా వాడు కర్రలు గోడకానించి
ఒంటికాలి మీద నిలబడి
మూణ్ణెల్లుగా మాడిపోయున్న బల్బు మార్చాడు.
నిచ్చెన అడగలేదు.

మోకాలికి తొమ్మిది నెలలు పట్టింది.
లియెపాయ జట్టు తీసుకుంది, సగం జీతానికి.
మొదటి ఆటకి వెళ్లాను. మూడో వరస.
ఒళ్లో సంచి, సంచిలో సూదీ దారం.
ఈసారి పేరు సరిగ్గానే అచ్చయిందట.
అట అంటున్నానంటే, చూళ్లేదు.
నలభై నిమిషాలూ బెంచీ మీదే ఉన్నాడు,
వీపు మీద జాకెట్టు, జాకెట్టు మీద ఏదో బ్యాంకు పేరు.
ఒక్కసారి ఎగోన్స్ ఇటు తిరిగాడు.
వీడు జిప్పు సగం కిందికి లాగాడు.
పిలిచింది పక్కవాణ్ణి.
జిప్పు మళ్లీ గొంతుదాకా వెళ్లింది.

నిన్న కొత్త పాంటు పట్టుకొచ్చాడు.
కాలు తొంభై ఎనిమిది. పోయినేటి లెక్కే.
"మడత ఉంచకు, ఇరవై ఒకటొచ్చాయి,
ఇక పెరిగేదేం లేదు" అన్నాడు, నవ్వకుండా.
సరేనన్నాను.

వాడు తల వంచి గుమ్మం దాటాక
నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టాను.
చెయ్యి వినదు.