తెల్ల గోడ ముందు

మహేంద్రతనయలో నీళ్లు ఇంకిపోయి
ఇసుకలో చెలమలు తవ్వుకునే రోజులు.
పర్లాకిమిడి బడిలో బెంచీలన్నీ ఒక గదిలోకి తోసేసి
ఇరవై ఒక్క రోజులు ఆటపాటల శిబిరం పెట్టారు.
కమిటీ పెద్ద పూర్ణచంద్ర పాఢి నా స్టూడియో మెట్టెక్కి అన్నాడు:
"రోజుకి ఆరు వందలు. అన్నం మాది.
ప్రతి ఫోటోలోనూ బ్యానర్ పడాలి."

బ్యానర్ మీద ఒడియా, దాని కింద తెలుగు.
దూరం నుంచి చూస్తే
ఒకే పిండితో చుట్టిన జంతికలు.

పగలు తప్పెటగుళ్లు.
గుండెలకి రేకులు కట్టుకుని వాళ్లు ఎగురుతుంటే
కాళ్లు నేలని వదిలే ఆ కాస్త సందు కోసం
మట్టిలో బోర్లా పడుకున్నాను.
పదకొండుసార్లు దుమ్ము దొరికింది.
పన్నెండోసారి కోరాడ గవరయ్య దొరికాడు,
గాల్లో, నోరు తెరిచి, ముందు పన్ను లేకుండా.
వెనక బ్యానర్ లేదు.

సవరల వరసలో చివరి పిల్ల సొంబారి
అడుగు తప్పి, పక్కదాని భుజం పట్టుకుని నవ్వి, మళ్లీ కలిసింది.
మొత్తం శిబిరంలో నాకు నచ్చింది ఆ తప్పడుగే.
కమిటీ దాన్ని తీసేయమంది.

రాత్రి ప్రహ్లాద నాటకం.
మెట్లు మెట్లుగా కట్టిన సింహాసనం మీంచి
హిరణ్యకశిపుడు దిగుతున్నాడు.
దండాసి బిసోయి, దిగపహండి వైపు మనిషి.
ఒడియాలో గర్జించి గర్జించి
మధ్యలో తెలుగులో ఎవర్నో తిట్టాడు,
తాళం తప్పిన మద్దెలవాణ్నే అయ్యుంటుంది.
అంతలో కరెంటు పోయింది.
గ్యాసు లైటు వెలుగులో ఎంత లాగినా
రాజు ఒంటినిండా బొంబాయిరవ్వ చల్లినట్టు చుక్కలు.
అయినా తీస్తూనే ఉన్నాను.

నరసింహుడి ముఖాన్ని ధూపం వేసి తెచ్చారు.
ముసలి గురువు నా మోచెయ్యి పట్టుకున్నాడు:
"పెట్టుకునేదాకా తీయి. పెట్టుకున్నాక ఆ లోపల మావోడుండడు."
కెమెరా దించేశాను.
ఆ శిబిరంలో రెండు కళ్లతో చూసింది
అదొక్కటే.

శిబిరం ఎత్తేసిన మర్నాడు
గళ్ల లుంగీ, భుజాన గంఛా, చేతిలో మడతపడ్డ దరఖాస్తు,
ఎవరో నా దుకాణం గడపలో నిలబడ్డాడు.
"కళాకారుల పింఛనుకి బాబూ. రెండు కాపీలు.
ఎనకాల తెల్లగుండాలంట."
గొంతు విన్నాకే పోల్చుకున్నాను.
నా దగ్గర అతనివి మూడు వందల నలభై ఫోటోలున్నాయి.
ఒక్కటీ పనికిరాదు.

తెల్ల గోడ ముందు స్టూలు వేశాను.
రాత్రి పలకల మెట్లు దడదడలాడించిన మనిషి
మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని
ఒకటో తరగతి పిల్లాడిలా కూర్చున్నాడు.
"నవ్వాలేటి?"
"వద్దు."
"మరి కోపంగా?"
"వద్దండీ, మామూలుగా ఉండండి."
కాసేపు ఆలోచించాడు.
"మామూలుగా అంటే ఏలాగ బాబూ?"

నాకూ తెలీలేదు.
వచ్చినవాళ్లందరికీ రోజూ చెప్పే మాటే అది.
ఒక ముఖం పెట్టాడు, రాజు తాలూకు ముక్క ఒకటి కనుబొమ్మలో మిగిలిపోయింది.
ఇంకొకటి పెట్టాడు, అది మరీ చచ్చిన ముఖం.
ఫ్యాన్ కిర్రుమంటోంది.
అప్పుడే రోడ్డు మీద పిల్లలెవరో
తలకి తువ్వాళ్లు చుట్టుకుని
అతని నవ్వునే, ఆ రాక్షసుడి నవ్వునే, అరుచుకుంటూ పరిగెత్తారు.
వాళ్ల వైపు తిరగబోయి
నేను కదలొద్దన్నానని గుర్తొచ్చి ఆగాడు.
కళ్లు మాత్రం వెళ్లొచ్చాయి.
నొక్కేశాను.

చెవి తమ్మె కింద హరితాళం మరక
కడుక్కున్నా పోలేదు.
కంప్యూటర్లో ఒక్క నొక్కుతో పోతుంది.
ఉంచేశాను. ఆఫీసులో గుమస్తా అడిగితే
పుట్టుమచ్చ అని చెప్పుకోమన్నాను.

"ఎంత బాబూ?"
"నలభై."
గంఛా కొంగు ముడి విప్పి
నాలుగు పదులు లెక్కపెట్టి ఇచ్చాడు.
తీసుకున్నాను.