మంచం కింద దిమ్మెలు

ఆరో వారం. హార్లింగెన్ రేవు మీంచి ఎదురుగాలి.
సైకిలు గోడకానించి
గంట కొట్టకుండా కాసేపు నిలబడ్డాను.
సంచిలో ఆ రాత్రి కాగితాలు,
నిమిషం నిమిషం, నా చేతిరాత.

తలుపు డౌవె తీశాడు. కాఫీ తాగుతావా అనలేదు.
వీట్‌స్కె కిటికీ దగ్గర, బిడ్డ భుజం మీద.
"పాప బాగుంది" అన్నాను.
"అందరూ అదే అంటారు" అంది.

జబ్బ దగ్గర విరిగిన చిన్నెముక అతుక్కుంది,
కుడిచెయ్యీ ఎడమదానిలాగే గాలిని పట్టుకుంటోంది.
తల వచ్చాక భుజం చిక్కుకుంది ఆ రాత్రి.
నాలుగు నిమిషాలు.

కాగితం విప్పాను.
"రెండూ పదకొండుకి మోకాళ్ళు పొట్టకేసి మడిచాం,
రెండూ పన్నెండుకి అంబులెన్సుకి ఫోను..."
నా గొంతు నాకే
బ్యాంకు గుమాస్తా గొంతులా వినిపించింది.

"ఇందులో నేనెక్కడ?" అంది.
"బతికుందా అని మూడుసార్లు అడిగాను. రాశావా?"

వెతికాను.
నాడి ఉంది, ఎంత రక్తం పోయిందో ఉంది,
వెన్న రాసిన రస్కుల మీద గులాబీరంగు సోంపు చల్లి
మూడోరోజు నాకూ ఒకటి పెట్టారని కూడా,
ఎందుకో, అంచున రాసుకున్నాను.
ఆ మాట లేదు.

చెప్పుకోడానికి నా దగ్గరా ఉంది:
రెండు చేతులూ లోపలున్నప్పుడు
నోటికి తీరికుండదని.
అబద్ధం కాదు.
పెద్ద మంత్రసాని హిల్యె చెప్పే పంపింది:
విను, ఒప్పుకోకు, సంతకం పెట్టించుకుని రా.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏదొస్తే అది పట్టాలంటారు.
ఇదీ వస్తుందని ఎవరూ చెప్పలేదు,
ఆరు వారాలు ఆలస్యంగా, అడ్డం తిరిగి.

"విన్నాను" అన్నాను.
"మూడుసార్లూ విన్నాను.
నాకే తెలీదు గనక పలకలేదు."

ఆమె ఏడవలేదు. పోనీలే అనలేదు.
పాపని డౌవె చేతికిచ్చి పడగ్గదిలోకి నడిచింది.
మంచం అలాగే ఉంది,
కాన్పుకని నేనే తెచ్చిపెట్టిన
నాలుగు చెక్కదిమ్మెల మీద,
నా నడుముకి నొప్పి తెలియని ఎత్తున.
కుట్లతో ఆరు వారాలూ
ఆ ఎత్తే ఎక్కి దిగింది.
"పెట్టినదానివి నువ్వే తియ్యాలని" అంది.

నువ్వు పట్టకు అన్నాను.
నేనెత్తితే ఆమె పాదంతో దిమ్మె తోసింది.
ఒకటి. రెండు.
మూడోది దిగాక, వాలిన పరుపు మీద కూర్చుని
"ఇప్పుడు రాయి" అంది.

పన్నెండుకీ పదమూడుకీ మధ్య చోటు సన్నం.
అక్షరాలు చిన్నవి చేశాను:
బతికుందా. బతికుందా.
మూడోది పట్టక
అంచుమీదికి, సోంపు పక్కకి పోయింది.

నాలుగో కాలు ఇంకా ఎత్తునే ఉంది.