నూటపద్నాలుగో సెక్షన్, హెచ్ వరుస

ఫారం ఇంకా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.
మార్చి ముప్పై ఒకటిలోపు సంతకం పెట్టి పంపాలట.
పందొమ్మిదేళ్లుగా, వచ్చిన రోజే పంపేదాన్ని,
కరెంటు బిల్లు కన్నా ముందు.

అయోవాలో, ఈ హార్లన్ క్రీక్‌లో చలికాలమంటే
మొక్కజొన్న మోళ్ల మీద మంచు,
నాలుగున్నరకే చీకటి,
మంగళవారం ఏడింటికి ఆట.
ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం గొట్టాలు సర్దేసి
యూనిఫాం మీదే కోటు తొడుక్కుని పరిగెత్తేదాన్ని.
పాప్‌కార్నే రాత్రి భోజనం.

పక్క సీటు వెర్లిన్ ఓక్స్‌ది. రిటైరైన పోస్ట్‌మాన్.
ఒళ్లో పుస్తకం పెట్టుకుని పెన్సిల్‌తో స్కోరు రాస్తాడు.
ఒకప్పుడు నవంబరులో పేర్లు రాసుకుంటే
నాలుగేళ్లు అవే పేర్లు.
మొదటి ఏడు ఫ్రీ త్రో రింగుకైనా తగలని కుర్రాడు
నాలుగో ఏడు కళ్లు మూసుకుని వేసేవాడు.
వాడి భుజాలు వెడల్పవడం మేం చూశాం.
గడ్డం మొలవడం చూశాం.
ఇప్పుడు వెర్లిన్ రబ్బరు ముక్క
పెన్సిల్ కన్నా ముందు అరిగిపోతోంది.

ఈసారి పదముగ్గురిలో పదిమంది కొత్తవాళ్లు.
ఒకడికి ఇది నాలుగో కాలేజీ.
వాడి పేరు సరిగ్గా పలకడం నాకు డిసెంబరులో వచ్చింది,
ఏప్రిల్‌లో వాడు వెళ్లిపోతాడు.
తప్పేముంది? జీతం ఎక్కువిస్తే
నేను ఆస్పత్రి మారలేదా?
మారాను, రెండుసార్లు.
వాడి మీద కాదు నా కోపం.
ఎరువుల సొమ్ము బరువుల చేటని
తెలియాల్సింది తెచ్చుకున్నవాళ్లకి.

కోచ్‌గారూ,
ఓడిన ప్రతి రాత్రీ మైకు ముందు మీరు చెప్పేవి నాకు కంఠతా వచ్చు.
బస్సు ప్రయాణం. రిఫరీ. నేల జారుతోంది.
ఆడలేక మద్దెల ఓడంటే సరేలే అనుకుందుం,
మద్దెల పోయినేడే మార్చాం కదండీ,
దాతల పేర్లు చెక్కించి మరీ!
రీబౌండ్‌కి ఎవరూ ఎగరరేం?

నేనూ ఆడాను. తెనాలిలో, బాల్ బ్యాడ్మింటన్, ఫైవ్స్.
పసుపుపచ్చ ఉన్ని బంతి, ఐదుగురం.
ఎడమ మూల మస్తాన్‌బీ ఉందని
నా వీపుకి తెలిసేది.
వీపుకి తెలియడానికి రెండేళ్లు పట్టింది.
మీ పిల్లలు ఒకళ్లనొకళ్లు
ఇంకా కళ్లతో వెతుక్కుంటున్నారు,
ఆ లోపల బంతి పోతోంది.

పై వరుసలకి నల్ల తెరలు కట్టించారు
టీవీలో ఖాళీ కనబడకూడదని.
టీవీకి కనబడదు.

ఆఖరి హోం గేమ్, సీనియర్ల రాత్రి.
అప్పట్లో అరగంట పట్టేది.
అమ్మలు, తాతలు, పూలు, ఫొటోలు, ముక్కు చీదుళ్లు.
మొన్న ఒక్క పేరే పిలిచారు.
ఎమ్మెట్ యర్గెన్స్.
ఇక్కడి పందుల ఫారం వాళ్లబ్బాయి.
స్కాలర్‌షిప్ లేదు, నాలుగేళ్లూ బెంచీయే,
మొత్తం ఆడింది ముప్పై ఒక్క నిమిషాలని వెర్లిన్ లెక్క.
వాళ్లమ్మ కొత్త బూట్లలో ఆచితూచి నడిచింది,
ఫ్రేము కట్టిన జెర్సీ గుండెకి ఆనించుకుని.
బ్యాండు ఎత్తుకున్న పాట సగమైనా కాలేదు,
అయిపోయింది.
నిమిషంన్నర.
ఆపాలో, వాయించాలో తెలియక
ట్రాంబోన్ పిల్ల మా వరుస వైపు చూసింది.

వెర్లిన్ లేచాడు, మోకాళ్లు పటపటమన్నాయి.
చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.
నేనూ లేచాను.
పాట పూర్తయ్యేదాకా.

ఆట సంగతా?
పద్దెనిమిది పాయింట్లతో ఓడాం.

ఇంటికొచ్చి కోటు విప్పితే
ఎడమ చేతి మీద రబ్బరు పొట్టు.
ఎవరి పేరో.
ఫారం తీసి వంటింటి బల్ల మీద పెట్టాను.
పెన్ను వెతకలేదు.
చించనూ లేదు.
సీటు నంబర్లు సరిగ్గా వేశారో లేదో మాత్రం
కళ్లజోడు పెట్టుకుని చూశాను.