ఎడం చెయ్యి

నిన్న రాత్రి దాకా వెలిగిన టీవీ.
పొద్దున్నే ప్లగ్గు పీకేశాం.
"సచ్చిపోయిందనుకున్నావేటి?" అంది ఎర్నమ్మత్త,
కంచరపాలెంలో ఇరవయ్యేళ్ళు టీవీలు విప్పిన మనిషి.

వెనక డబ్బా తీస్తే
ఉప్పుగాలి తిన్న మరలు, బల్లిగుడ్డు పెంకు,
పోర్టు బొగ్గుపొడి సగం ఇక్కడే.
గాజుబుర్ర మీద జలగలా పట్టిన రబ్బరు మూత.

ఎడం చేతిని నడుం వెనక్కి తీసుకెళ్ళి
కొంగులో దోపుకుంది.
"రెండు సేతులూ పెట్టినోడికి గుండె మీంచే దారి."
ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరు, దాని మెడకో తీగ,
తీగ రెండో కొస ట్యూబు చుట్టూ ఉన్న జడతీగకి.
మూత కిందకి మెల్లగా జరిపింది.
టప్.
నా పళ్ళు జివ్వుమన్నాయి.

టీ తాగాం. మళ్ళీ పెట్టింది.
టప్. ఈసారి చిన్నగా,
తిట్టేసి వెళ్ళినవాడు
వీధి చివర్నించి ఇంకో మాట అన్నట్టు.

"మెడ పట్టుకోకు, ఇరిగిపోద్ది."
అద్దం మొహాన్ని ఛాతీకి హత్తుకుని
పాత సౌండుబాక్సుల చెక్కతో చేసిన పెట్టెలోకి దింపాను.

సాయంత్రం జాయ్‌స్టిక్కు, ఎర్ర బటన్లు, నీలి తెర.
తొలి ఆట అత్తదే.
మూడో రాయికే ఓడ పేలిపోయింది.
"కాల్చవేం అత్తా?"

ఎడం చెయ్యి
ఇంకా కొంగులోనే ఉంది.