శాతం గడి

గుణుపురం బ్లాకాఫీసు. మార్చి ఇరవై తొమ్మిది.
ఫ్యాను తిరుగుతోంది గాని గాలి కిందికి దిగడం లేదు.
ఈ ఏడు తెర మీదికి కొత్త గడి ఒకటి వచ్చింది:
వాతావరణానికి ఎంత శాతం?
ప్రతి పద్దుకీ ఎదర ఒక అంకె వెయ్యాలి.
వెయ్యకపోతే ముందుకి కదలనివ్వదు.

కల్వర్టుకి ఎంత?
పాణిగ్రాహి బడబాబు కిళ్ళీ బుగ్గకి సర్దుకుని
"ఇరవై వెయ్యి, నీళ్ళు దాని కిందనించే కదా పోతాయి"
అన్నాడు ఒడియాలో.
నేను తెలుగులో లెక్కపెట్టుకుని ఇంగ్లీషులో నొక్కాను.
ఇక్కడ మాకు కూడికలు ఒక భాషలో, సంతకాలు ఒక భాషలో,
తిట్లు నోటికి ముందొచ్చిన దాంట్లో.

పశువుల షెడ్డుకి పదిహేను.
సోలారు దీపాలకి తొంభై, వెలగనివాటితో కలిపి.
కొండ మీది మొక్కలకి నూరు.
నూటికి నూరు వేస్తుంటే వేలు తేలిగ్గా ఆడింది,
బళ్ళో ఏనాడూ రాని మార్కు మరి.

ఆ కొండ నాకు తెలుసు.
మూడేళ్ళుగా అదే కొండ, అవే గోతులు, అదే ఖర్చు.
కాగితం మీద ఎక్కితే ఎండ తగలదు.

అప్పుడొచ్చింది గుంబారి సబర,
నర్సరీకి నీళ్ళు మోసే మనిషి.
నాలుగు నెలల కూలి బకాయి.
పద్దు తప్పని ట్రెజరీ తిప్పి పంపిన బిల్లు.
చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం అవతలే నిలబడి,
సంతలో చింతపండు అమ్మి నేర్చిన తెలుగులో
"పద్దంటే ఏటి బాబూ?" అంది.
డబ్బు కూచునే గది అన్నాను.
"మరి నా డబ్బు ఎవలింట్లో కూకుంది?"

ఆగస్టులో వంశధార పొంగినప్పుడు
పదకొండు వేల మొక్కలు నష్టమని టైపు చేసింది నేనే.
ఇప్పుడు చెబుతోంది, గొంతు తగ్గించి:
ఆ రాత్రి మోకాటి నీళ్ళలో
తట్టకి ఇరవై చొప్పున ఎత్తి
తన పెరట్లోకి చేర్చిందట. ఇప్ప, కానుగ, నేరేడు.
నాలుగొందల పన్నెండు నిలబడ్డాయట.
బిందెలో సగం వాటికి, సగం వంటకి.
"బతికున్నాయని రాస్తే కూలొస్తాదా?"

రాస్తే ఏమొస్తుందో బడబాబుకి తెలుసు.
నష్టానికి డబ్బు మంజూరై, ఖర్చై, అచ్చై పోయింది.
చచ్చినవి లేచి కూచుంటే ఆడిటు.
కిటికీలోంచి ఉమ్మివచ్చి, మెల్లగా,
"వాటిని అలాగే ఉండనీ" అన్నాడు.
చెడ్డవాడు కాడు.
పోయినేడు మే నెలలో వాళ్ళ తమ్ముడు
రోడ్డు పని మీద తారు పక్కన కూలిపోతే
గుండెజబ్బు అని రాశారు.
ఎండ అని రాసే గడి ఆ ఫారంలో లేదు.
జేబులోంచి రెండొందలు తీసి గుంబారికి చాచాడు.
"అప్పడగలేదు బాబూ" అందామె.

అందరూ టీకి వెళ్ళాక బిల్లు తెరిచాను.
పొడుగాటి పద్దు గొలుసు. తొమ్మిదో అంకె.
ఏడు ఉండాల్సిన చోట ఒకటి.
నవంబరులో వేసింది, నా వేలే.
నాలుగు నెలలు ఆమె తిరిగింది
ఒక గీతకి కొమ్ము లేక.

దిద్దాను.
యంత్రం కాసేపు ఆలోచించుకుని అడిగింది:
వాతావరణానికి ఎంత శాతం?
బిందె గుర్తొచ్చింది.
యాభై వేశాను.
కూలికి ఈ గడి వర్తించదని
ఎర్రక్షరాల్లో చెప్పి, సర్వరు ఆగిపోయింది.

వంశధార వైపు నించి వడగాలి
ఫైళ్ళ మీది దుమ్ముని ఈ బల్ల నించి ఆ బల్లకి మారుస్తోంది.
గుమ్మం అవతల గుంబారి
చెప్పులు తొడుక్కుంది.
వెళ్ళడానికో, ఉండడానికో
అడగలేదు నేను.