రెండో అచ్చు

శుక్రవారం. ఈ రోజు టికెట్టు లేదు.
అయినా కౌంటర్లో పిల్ల ఓ కాయితం ముక్క ఇచ్చింది,
దాని మీద: సున్నా రియాళ్ళు.
"సున్నాకు గూడ రసీదిస్తరు దోహాల" అని లింబాద్రి
మడిచి జేబులో పెట్టుకున్నాడు,
జీతం చీటీ మడిచినట్టే, నాలుగు మడతలు.

ఇద్దరం హోటల్ లాండ్రీలో చేస్తాం.
నాకు దుప్పట్లు, వాడికి తువ్వాళ్ళు.
నాలుగింటికి డ్యూటీ.
సముద్రం ఒడ్డున ఇంత పెద్ద మ్యూజియానికి మేమొచ్చింది,
నిజం చెప్పొద్దూ, చల్లదనం కోసం.

లోపల నేల నునుపు చూసి
లింబాద్రి చెప్పులు విప్పబోయాడు.
గార్డు నవ్వి వద్దన్నాడు.
కెన్యా మనిషి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నాడు,
ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి
బరువు మార్చుకుంటున్నాడు.

కత్తులు చూశాం. కూజాలు చూశాం.
నక్షత్రాల్ని కొలిచే ఇత్తడి పళ్ళెం చూశాం.
"దీంట్ల మన ఫ్లైటు తారీఖు కనవడతదా?"

పైఅంతస్తులో, దీపాలు తగ్గించిన గదిలో,
అద్దం వెనక ఒక గుడ్డ.

ముందు వాసన తగిలింది.
అద్దంలోంచి వాసన రాదు, నాకు తెలుసు.
అయినా తగిలింది:
కరక్కాయ పిండిలో, గేదెపాలలో ముంచిన తాను
పెడన కాలవగట్టున ఎండుతుంటే వచ్చే వగరు కంపు.
ఆ ఎరుపు పటిక పట్టిన ఎరుపు.
ఆ నలుపు, తుప్పు మేకులూ బెల్లమూ
కుండలో మాగితే దిగే నలుపు.

కింద చీటీ. లింబాద్రి కూడబలుక్కుని చదివాడు.
ఇండియా, తూర్పు తీరం. రెండొందల యాభై ఏళ్ళ నాటిది.
చేసినవారు: తెలియదు.

పదకొండేళ్ళు అచ్చులు కొట్టాను నేను.
స్క్రీన్ ప్రింటింగొచ్చి షెడ్డు సగం ఖాళీ అయ్యాక
బల్ల అమ్మి వీసా కొన్నాను.
అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళాను.
అంచున లత. ఆకు, మొగ్గ, చిలక. ఆకు, మొగ్గ, చిలక.
పదిహేడో చిలక దగ్గర
ముక్కుకీ మొగ్గకీ మధ్య బియ్యపుగింజంత ఖాళీ.

అచ్చు జారింది.

దాన్ని కప్పెట్టాలని రెండో అచ్చు పక్కకి ఒరిగింది.
ఆకొచ్చి చిలక తోకెక్కింది.
ఆ తర్వాత అన్నీ బుద్ధిగా, వరసగా.

పక్కనే ఒక తెల్లావిడ గుంపుకి చెబుతోంది,
చేతులు తిప్పుతూ. పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ అన్న మాట
నాక్కూడా అర్థమైంది.
నోరు తెరిచాను. మూశాను.
అచ్చు జారడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలీదు.
తెలిసినా చెప్పేవాణ్ణి కాదేమో.
రెండొందల యాభై ఏళ్ళు దొరక్కుండా ఉన్నవాణ్ణి
నేనెందుకు పట్టివ్వాలి?

గార్డు ఫోన్ వైపు సైగ చేశాడు:
తీసుకో, ఫ్లాష్ వద్దు.

ఫొటో మా మేస్త్రి కోదండపాణికి పంపాను.
జవాబు బస్సెక్కాక వచ్చింది. ఆయన గొంతే,
వెనకాల ఎవరో బల్ల మీద దబ్, దబ్‌మని కొడుతున్నారు.
"కుర్రాడ్రా. పన్నెండేళ్ళుంటాయేమో.
మేస్త్రి అన్నానికి పోయుంటాడు.
రెండోది చూడు, భయంతో ఎంత గట్టిగా గుద్దాడో,
రంగు ముద్దకట్టింది.
ఇంతకీ అక్కడ చల్లగా ఉంచుతున్నారా?
గుడ్డకి వేడి తగలకూడదు."

చల్లగానే ఉంచారు మేస్త్రీ, అని టైపు చేస్తుంటే
దిగే చోటొచ్చింది. లింబాద్రిని లేపాను.

లాండ్రీలో ఆ సాయంత్రం
ఇస్త్రీ రోలరు పక్కన గోడ మీటరు
నలభై ఆరు చూపించింది.