ఎటు గుంజుతది?

ఉమ్ అల్ కువైన్ల గీ కౌంటర్ ఎనక
పదకొండేండ్ల సంది నిలవడ్డ.
తుపాకులు తుడుస్త, తూటలు లెక్కవెడుత,
చెవులకు డొప్పలందిస్త.
నేను మాత్రం ఒక్కటి గూడ పేల్చలే.
అడిగినోళ్లు లేరు, నేను చెప్పుకున్నదీ లేదు.

ఆదివారం మూడు గొట్టంగ ఓదెలు అచ్చిండు.
క్యాంపుల ఇస్త్రీ చేయించుకున్న అంగీ,
గోర్ల సందుల ఇంకా పోని సిమెంటు.
పోయిన వారం కూరగాయల మార్కెట్ల కలిసి
"మన దిక్కోడివే గదా, ఒక్కసారి కొట్టనియ్యవా" అన్నడు.
"పైసలు వెట్టి కొట్టు, ఎవలొద్దన్నరు" అన్న.
వెట్టిండు. తొంభై దిర్హాములు,
మడతలు మడతలుగ, చెమట వాసన తోని.

అద్దం కింద వరుసగ పండుకున్నయి.
అంగట్ల ఎడ్లను జూపినట్టు జూపిన.

గిది జర్మనీది, మెరుపు జూడు,
ఒక్కో తూటకు నీ ఒక పూట బువ్వ.
గిది పెద్దది. సినిమాలు జూసినోళ్లు గిదే అడుగుతరు,
మూడు పేల్చి మణికట్టు పట్టుకొని కూసుంటరు.
నీకు ఇరవై రెండు చాలు.
సన్న తూట, చిటికెనేలు కొసంత.
పొయ్యిల ఉప్పుగల్లు వడ్డట్టు చిట్ మంటది, గంతే.
చెయ్యి నొయ్యది, జేబు నొయ్యది.

అండ్లల్ల అగ్గువది ఏదంటవా?
అగో, ఆ మూలకున్నది. తొమ్మిది గదుల రివాల్వర్.
నలుపు అక్కడక్కడ లేశిపోయి
అడుగు మాడిన గిన్నెను తోమినట్టుంటది.
పిడి పలిగితే టేపు చుట్టింది నేనే.
ఒక్కో గదిల ఒక్కో తూట ఏలు తోని నూకాలె,
కాల్చినంక ఒక్కో డొల్ల పుల్ల తోని తీయాలె.
అరగంటల సగం గండ్లనే పోతది,
అదీ ఒక లాభమే అనుకో.
ట్రిగ్గర్ గట్టిది, నూనె లేని బాయి గిరక లెక్క.
ఉత్తగ నొక్కకు, ఖాళీ గది అంచును సూది కొడుతది.
ఇంకోటి, దాసుడెందుకు,
అది సూటిగ పోదు.

ఓదెలు మొఖం అప్పుడు ఎలిగింది.
"ఎటు గుంజుతది?"

నన్నెవ్వలూ అట్ల అడగలే.
ఎంత దూరం పోతది, ఎంత చప్పుడు,
ఫొటో దిగొచ్చునా, గివే అడుగుతరు.
"ఎడమకు. నాలుగు ఏళ్ల మందం."
"ఎప్పుడూ గంతేనా?"
"ఎప్పుడూ గంతే."
"ఇంకేం మరి," అన్నడు,
"ఒక్కటే అబద్ధం ఆడితే అది మంచి తుపాకే."

తూటలు నింపుకుంట నింపుకుంట చెప్పిండు.
ఓదెల జాతర, ఐనవోలు, కొత్తకొండ,
బుడగల దుకాణం వాళ్ల నాయినది.
రాత్రిపూట గాలి తుపాకి గొట్టాన్ని మోకాలి మీద వెట్టి
రవ్వంత వంచుడు ఈయన పని.
తెల్లారి ఎవలు గొట్టినా పక్క చెక్కకే తగలాలె.
పోరగాండ్లు మతలబు పట్టకముందే
వంపు మార్చెటోడట, ఒకనాడు అటు, ఒకనాడు ఇటు.
"పదేండ్లు మంది గురి చెడగొట్టిన అన్నా,
నా గురి ఎట్లుంటదో సూసుకోలే."

పది మీటర్లు. కాగితం మీద గుండ్రాలు.
నల్ల చుక్కను ఇడిసిపెట్టి
కుడి దిక్కు ఉత్త తెలుపును సూసిండు,
ఏమీ లేని జాగను, చానాసేపు.

చిట్.

చుక్క నడిమిట్ల తొర్ర.
పక్కన జర్మనీది పట్టుకున్న బ్యాంకాయన
డొప్పలు తీసి ఇటు తొంగి జూసిండు.

పద్దెనిమిదిల పదిహేడు గొట్టి ఆగిండు.
"ఇంకోటున్నది, కొట్టు. పైసలిచ్చినవ్ గదా."
"ఆఖరి బుడగ ఎవలనీ కొట్టనియ్యకపోదుము.
అది దుకాణానిది, రేపటి బోణీకి."
తూట తీసి నా అరచేతుల వెట్టిండు,
జర వెచ్చగున్నది.

రిజిస్టర్ల రాసిన:
ఇచ్చినయి పద్దెనిమిది, కాల్చినయి పదిహేడు, వాపసు ఒకటి.
లోపాలు అనే గడిల ఏండ్ల సంది నేను రాసే మాటుంటది,
ఎడమకు గుంజుతది అని.
పెన్ను ఆడ జరసేపు ఆగింది.
కిటికీ అవతల ఓదెలు బస్సుకు ఉరుకుతున్నడు,
సుట్ట చుట్టిన కాగితం సంకల వెట్టుకొని.
రాసిన, ఎప్పటి లెక్కనే.
దాని కింద, చిన్నగ, ఇంకో మాట గలిపిన:
ఎప్పుడూ గంతే.